మెయిల్ వస్తుంది, పోదు: అరకు కొండల్లో 25వ పోర్ట్ చిక్కు

అరకు లోయలో ఒక లాడ్జి కంప్యూటర్ ఉందనుకోండి. వెబ్‌సైట్లు తెరుచుకుంటున్నాయి, యూట్యూబ్ ఆడుతోంది, గది కావాలని పర్యాటకులు రాసిన మెయిళ్లు కూడా దిగుతున్నాయి. జవాబు రాసి పంపితే మాత్రం అది అవుట్‌బాక్స్‌లోనే కూర్చుంటుంది. అదే ల్యాప్‌టాప్‌ను విశాఖపట్నం తీసుకెళ్లి అక్కడి ఆఫీసు కనెక్షన్‌కు కలిపితే క్షణంలో వెళ్లిపోతుంది.

కొండల్లో ఇలా జరిగితే మొదటి అనుమానం సిగ్నల్ మీదే. అందులో తప్పు లేదు. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో టవర్ అందని ఊళ్ల గోడు పాతదే. ఆంధ్రప్రదేశ్ సహా 5 రాష్ట్రాల్లోని వెనుకబడిన జిల్లాల్లో 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వాలని కేంద్ర కేబినెట్ 2021 నవంబర్‌లో నిర్ణయించింది కూడా. 2017 డిసెంబర్‌లో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా వెళ్తాయి. గాలివానకు స్తంభం ఒరిగితే నెట్ కూడా పోతుంది. అయితే సిగ్నల్ పోతే అన్నీ ఆగాలి. పంపే మెయిల్ ఒక్కటే ఆగిందంటే కారణం వేరు. చాలాసార్లు అది ఇంటర్నెట్ కంపెనీ కావాలని మూసిన తలుపు.

ఆ తలుపు పేరు పోర్ట్ 25

ఇంటర్నెట్‌లో ఒక్కో పనికి ఒక్కో పోర్ట్ నంబర్ ఉంటుంది. బ్రౌజర్‌లో సురక్షిత వెబ్‌సైట్లు చూసేది 443 మీద. మెయిల్ పంపే పద్ధతిని ఎస్‌ఎంటీపీ అంటారు. 1982లో రాసిన ఆ నియమాల్లో దీనికి 25 కేటాయించారు. అప్పట్లో మీ కంప్యూటర్ నుంచి సర్వర్‌కు వెళ్లే మెయిల్‌కైనా, ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు వెళ్లే మెయిల్‌కైనా అదే దారి. పోస్టాఫీసుతో పోలిస్తే, ఉత్తరాల సంచులు మార్చుకునే వెనుక గుమ్మం నుంచే జనం కూడా లోపలికి వచ్చి ఉత్తరాలు వేసినట్టు. ఎవరు వేశారని అడిగే మనిషి లేడు.

దీన్ని వైరస్‌లు రాసేవాళ్లు బాగా వాడుకున్నారు. 2003లో వచ్చిన సోబిగ్-ఎఫ్, 2004 జనవరిలో వచ్చిన మైడూమ్ లాంటివి ఇంటి కంప్యూటర్లలో దూరి, యజమానికి తెలియకుండానే తమంతట తాము మెయిళ్లు పంపాయి. అమెరికాలో కామ్‌కాస్ట్ 2004లో చెత్త మెయిళ్లు కుమ్మరిస్తున్న ఇళ్ల కనెక్షన్లకు 25ను మూయడం మొదలుపెట్టింది. బ్రెజిల్ 2009లో స్పామ్ పంపే దేశాల్లో ముందు వరుసలో ఉండేది. అక్కడ కంపెనీలు, ప్రభుత్వం కలిసి ముందు జనాన్ని 587కు మార్పించి, ఆ తర్వాత ఇళ్ల కనెక్షన్లకు 25ను మూశాయి. 2013 నాటికి ఆ జాబితాలో ఆ దేశం బాగా కిందికి దిగింది. ఈ పని చేయాల్సిన పద్ధతి అదే. ముందు చెప్పి, తర్వాత మూయాలి. చెప్పకుండా మూస్తే కొండమీది మనిషికి మిగిలేది అవుట్‌బాక్స్, దాని మీద అనుమానాలే.

మరి కంపెనీ మీద ఒత్తిడి తెచ్చి 25ను తెరిపించుకోవచ్చు కదా? మామూలు కుటుంబానికి, దుకాణానికి దానివల్ల లాభం లేదు. మొబైల్ డేటాలోనూ, చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలోనూ ఎంతోమంది ఒకే బయటి చిరునామాను పంచుకుంటారు. అందులో ఒక్క ఫోన్‌కు వైరస్ పట్టినా చెడ్డపేరు అందరికీ వస్తుంది. పైగా ఇళ్ల కనెక్షన్ల చిరునామాలతో స్పామ్‌హౌస్ లాంటి సంస్థలు ప్రత్యేక జాబితాలే ఉంచుతాయి. అవి చూసి అవతలి సర్వర్లు నేరుగా వచ్చిన మెయిల్‌ను గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి. 25 అవసరమయ్యేది సొంత మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకే. వాళ్లు స్టాటిక్ ఐపీ ఉన్న బిజినెస్ కనెక్షన్ తీసుకుని, కంపెనీని రాతపూర్వకంగా అడగాలి.

నంబర్ మారిస్తే చాలు

మెయిల్ వేసే జనం కోసం 1998లోనే వేరే కౌంటర్ పెట్టారు. దాని నంబర్ 587. ఇక్కడ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చూపిస్తేనే తీసుకుంటారు, అందుకే ఇంటర్నెట్ కంపెనీలు దీన్ని సాధారణంగా ఆపవు. రెండోది 465. ఔట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రామ్‌లో అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, అవుట్‌గోయింగ్ సర్వర్ దగ్గర 25 ఉంటే తీసేసి 587 పెట్టాలి, భద్రత దగ్గర స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి. 465 పెడితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. "భద్రత వద్దు" అనేది ఎప్పుడూ ఎంచుకోవద్దు. "అవుట్‌గోయింగ్ సర్వర్‌కు పాస్‌వర్డ్ కావాలి" అనే గడిలో టిక్ పెట్టడం చాలామంది మరిచిపోతారు. ఇన్‌కమింగ్ సెట్టింగ్స్ జోలికి పోనక్కర్లేదు, అవి పనిచేస్తూనే ఉన్నాయి కదా.

జీమెయిల్ అయితే సర్వర్ పేరు ఎస్‌ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్. మామూలు పాస్‌వర్డ్ ఒక్కటే ఇచ్చి పాత ప్రోగ్రామ్‌లతో మెయిల్ పంపే వీలును గూగుల్ 2022 మే 30 నుంచి తీసేయడం మొదలుపెట్టింది. కాబట్టి రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. సొంత డొమైన్ పేరుతో మెయిల్ ఉన్నవాళ్లు హోస్టింగ్ కంపెనీని నంబర్ అడగాలి. కొందరు 2525 కూడా ఇస్తారు.

అసలు ఇది పోర్ట్ సమస్యేనా అని తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, సెట్టింగ్స్ మార్చకుండా పంపి చూడాలి. వెళ్తే చిక్కు మొదటి కనెక్షన్‌లో ఉంది. వెళ్లకపోయినా పోర్ట్ కారణం కాదని తీర్మానించొద్దు, రెండో కంపెనీ కూడా 25ను మూసి ఉండొచ్చు. ప్రోగ్రామ్ చూపించే సందేశం ఇంకా బాగా చెబుతుంది. చాలాసేపు తిరిగి "టైమ్ అవుట్" అంటే దారి మూసి ఉందన్నమాట. 535 అని వస్తే దారి తెరిచే ఉంది, పాస్‌వర్డ్ తప్పు. 550 వస్తే సర్వర్ మెయిల్‌ను చూసి వద్దంది.

కొండల్లో ఇంకో చిక్కు దీనిలాగే కనబడి మోసం చేస్తుంది. గల్ఫ్‌లో ఉన్న అబ్బాయికి పాస్‌పోర్ట్, నిఖానామా, సర్టిఫికెట్లు ఫోన్‌తో ఫొటో తీసి ఒకే మెయిల్‌లో పెడితే, జోడించాక సైజు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. నీరసమైన సిగ్నల్ మీద అంత బరువు సగంలో తెగిపోతుంది. రెండు వాక్యాల మెయిల్ వెళ్లి పెద్దది ఆగితే పోర్ట్‌ను అనుమానించొద్దు. కాగితాలను చిన్న పీడీఎఫ్‌లు చేసి విడివిడిగా పంపాలి.

మనుషుల కంటే యంత్రాలు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. స్కాన్ చేసి మెయిల్ పంపే ప్రింటర్లు, దొంగతనం హెచ్చరిక పంపే సీసీ కెమెరా డీవీఆర్‌లు, మదరసా ఆఫీసులోనో దుకాణంలోనో ఉన్న పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు 25తోనే వస్తాయి. ఒకసారి పెట్టాక వాటి సెట్టింగ్స్ ఎవరూ తెరవరు. హెచ్చరికలు ఆగాయని దొంగతనం జరిగాకే తెలుస్తుంది. డీవీఆర్‌లో 587 పెట్టినా పంపకపోతే అందులో తేదీ చూడాలి. కరెంటు పోయి వచ్చాక గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతే, సర్వర్ ధ్రువపత్రం చెల్లదని యంత్రం కనెక్షన్‌నే తెంపేస్తుంది. టీఎల్‌ఎస్ అసలే తెలియని పాత యంత్రానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దొరక్కపోతే, హెచ్చరికల కోసం కంపెనీ మొబైల్ యాప్ వాడటమే మేలు.

587, 465 రెండూ టైమ్ అవుట్ అయితే ఇంటర్నెట్ కంపెనీకి ఫిర్యాదు చేయాలి. "మెయిల్ పోవట్లేదు" అంటే మోడెమ్ ఆపి వేయమంటారు. "587కు అవుట్‌గోయింగ్ కనెక్షన్ టైమ్ అవుట్ అవుతోంది, 443 పనిచేస్తోంది" అని చెప్పి డాకెట్ నంబర్ రాసుకోవాలి. పరిష్కారం నచ్చకపోతే ఆ నంబర్‌తోనే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. సాయం చేస్తామంటూ తిరిగి ఫోన్ చేసి యాప్ పాస్‌వర్డ్ అడిగేవాళ్లకు, కంప్యూటర్ తెర పంచమనేవాళ్లకు ఏదీ ఇవ్వొద్దు. ఇప్పటికే డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఈలోపు చివరి తేదీ ఉన్న దరఖాస్తు, వీసా కాగితం ఏదైనా ఉంటే బ్రౌజర్‌లోనో ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లోనో తెరిచి పంపేయొచ్చు. అవి 443 మీదే వెళ్తాయి, 25తో వాటికి పని లేదు.