వదులైన స్విచ్చిబోర్డు వెనుక చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమంటే ఓడరేవు గురించో, ఉక్కు ఉద్యమం గురించో ఉంటుందని సభ్యులు ఎదురుచూడటం సహజం. నేను మాత్రం మన ఇళ్ల గోడల్లోని స్విచ్చిబోర్డును పట్టి ఉంచే స్క్రూ కన్నం గురించి రాయదలచాను. కన్నం అరిగితే బోర్డు ఊగుతుంది. ఊగినకొద్దీ వెనుక తీగ లాగుడు పడి ఊడుతుంది. అది ఇనుప పెట్టెకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. చీకట్లో గోడ తడుముకుని లైటు వేసే వయసు మనది.

మన ఓడరేవును 1933 డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ ప్రారంభించారు. ఆ కాలపు వైరింగులో గోడను ఉలితో తొలిచి, టేకు బిరడా దిగేసి, సిమెంటుతో పూడ్చేవారు. బిరడా లోపలివైపు వెడల్పు, బయటివైపు సన్నం, లాగినా రాదు. దానిమీద గుండ్రటి చెక్క, చెక్కమీద స్విచ్చి. మంచి పనే గాని, చెక్క ఎండి కుంచించుకుపోయినా, చెదలు పట్టినా పట్టు పోయేది.

ఈ బాధ ఇంగ్లండులోనూ ఉండేది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో గోడలు పాడవకుండా విద్యుత్ సామాను బిగించవలసి వచ్చినప్పుడు జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే ఆయన 1911 ప్రాంతంలో జనపనార గొట్టం కనిపెట్టారు. మన ఎలక్ట్రీషియన్లు గోడలో కొట్టే ప్రతిదాన్నీ ‘రాల్‌ప్లగ్గు’ అంటారే, ఆ పేరు ఆయనదే. ఇప్పటి నైలాన్ ప్లగ్గు 1958లో జర్మనీలో ఆర్తుర్ ఫిషర్ చేసినది.

1955లో మాచ్‌ఖండ్ కరెంటు వచ్చింది. తర్వాత చెక్క పెట్టె, దానిమీద హైలం షీటు మన ఇళ్లలో మామూలయ్యాయి. ఆ హైలం పేరు హైదరాబాదు కంపెనీది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఈ నడుమ కాలంలో గోడలోపల పైపు, ఇనుప పెట్టె వ్యాపించాయి. ఇనుముకు మన సముద్రపు గాలే శత్రువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తెచ్చిన వాన సంగతి చెప్పనక్కరలేదు.

ఇక మరమ్మతు. ముందు మెయిన్ ఆపాలి, టెస్టరుతో చూడాలి. చెక్క పెట్టె అయితే మందు తీసేసిన అగ్గిపుల్లలో, వెదురు పేళ్లో ఫెవికాల్ రాసి కన్నంలో కూరి, ఒక రాత్రి ఆరనిచ్చి స్క్రూ బిగించాలి. మన తాతల ఉపాయమే, తీసిపారేయవలసింది కాదు. అతిగా బిగిస్తే షీటు పగులుతుంది.

ఇనుప పెట్టె చెవిలో మర అరిగితే చాలామంది పొడుగు స్క్రూ తెచ్చి తిప్పేస్తారు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. ఆ మొన వెనుక తీగ తొడుగును చీల్చగలదు. 3.5 మి.మీ. స్క్రూ కన్నమైతే 4 మి.మీ. టాపుతో కొత్త మర తీసి, 4 మి.మీ. స్క్రూ వేస్తే సరిపోతుంది. షీటు కన్నాన్ని కూడా కొంచెం పెద్దది చేయాలి. ఇనుప రజను తీగల మీద పడకుండా కింద కాగితం పెట్టాలి. చెవి తుప్పుతో తినేసి ఉంటే మాత్రం మర నిలవదు, పెట్టె మార్చాల్సిందే. చెవి గట్టిగా ఉండగా గోడ పగలగొడదామన్న వారి మాట వినకండి.

మెట్లెక్కి, వంగి ఈ పని మనమే చేయనక్కరలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, దగ్గరుండి చేయించవచ్చు. అతను పెట్టె విప్పినప్పుడే ఎర్తు తీగ ఉన్నదో లేదో చూడమనండి. పాత పెట్టెల్లో కొన్నింటికి అది ఉండదు.