కాడ పచ్చగా ఉందా?

మార్చి నెల, ఉదయం ఎనిమిది. నర్సీపట్నం అబీద్ సెంటర్లో చింతపల్లి బస్సు హారన్ మోగుతుంటే మీరు ద్రాక్షపళ్ల తోపుడు బండి దగ్గర ఆగారు. బండి ఆమె అట్టపెట్టె మూత తీయగానే అగ్గిపుల్ల గీసినట్టు సన్నని ఘాటు. కాయల మీద పరిచిన కాగితంలోని గంధకం మందు వాసన అది. మహారాష్ట్ర తోటల నుంచి ఇక్కడికి చేరేలోగా బూజు పట్టకుండా పెడతారు.

నిగనిగలాడే గుత్తి మీదికి మీ చెయ్యి పోతోంది. ఆగండి, ముందు కాడ చూడండి. పచ్చగా, వంచితే వంగేలా ఉంటే కోసి ఎన్నాళ్లో కాలేదు. ఎండుపుల్లలా పెళుసుబారితే వదిలేయండి. కాడ పట్టుకుని మెల్లగా కదపండి, కాయలు జలజలా రాలకూడదు.

"రుచి సూడండి బాబూ" అంటూ ఆమె పైనుంచి ఒకటి తుంచి ఇస్తుంది. తినండి. అడిగి, గుత్తి కొసన ఉన్న కాయ కూడా ఒకటి నోట్లో వేసుకోండి. ఆలస్యంగా పండేది అదే; అది తియ్యగా ఉంటే గుత్తంతా తీపే. ద్రాక్ష మామిడి కాదు, మాగబెట్టలేం. తీగ మీద రాని తీపి ఇంటికొచ్చాక రాదు. ఇది తెలియక పుల్లకాయలు కొని ఎదురుచూసేవాళ్లను చూస్తే నాకు బాధ.

వేళ్లలా నిడుపుగా ఉన్నవి సొనాక రకం. కోలగా, లేతపసుపు తిరిగినవి థామ్సన్ రకం సంతతి తాస్ గణేశ్. నల్లవి శరద్, తొడిమ దగ్గర ఎరుపు మిగలకుండా నలుపెక్కినవే ఏరుకోండి. మూడింటిలోనూ గింజ లేదు. నా కళ్లు మాత్రం అనాబ్-ఎ-షాహీ కోసం వెతుకుతాయి. 1890 ప్రాంతంలో హైదరాబాదులో అబ్దుల్ బాకర్ ఖాన్ తోటలో వెలుగు చూసిన రకం. పండితే తేనెరంగు, నోటినిండా రసం. గింజ ఉందని జనం వద్దనుకున్నారు, తోటల మీదికి నగరం పాకింది. ఈ బండి మీద అది లేదు.

కాయ మీది తెల్లపొడిని మందనుకుని తుడవకండి. చాలావరకు అది పండు తనకు తాను పూసుకున్న మైనం, లోపలి తేమను కాపాడుతుంది. అందుకే ఇంటికెళ్లి కడిగి దాచకూడదు. చితికినవి ఏరేసి, చిల్లులున్న కవర్లో, ఉల్లిపాయలకు దూరంగా ఫ్రిజ్‌లో పెడితే వారం నిలుస్తాయి. కావలసినన్ని కత్తెరతో రెమ్మలుగా కోసి, అప్పుడే బాగా కడుక్కోవాలి. లాగితే తొడిమ ఊడిన చోట తడి ఊరి కుళ్లు మొదలవుతుంది.

తూకం అయ్యాక ఆమె పెట్టె అడుగున రాలిన కాయలు గుప్పెడు తీసి, విడిగా పొట్లం కట్టి మీ చేతిలో పెడుతుంది.

"ఇవి మాత్రం ఇయ్యాలే తినీయండి బాబూ."