సీల తీస్తే ఊడే గొట్టం

తుపాకి ఏ కాలానిదైనా, ఏ రకానిదైనా, అందులో బాగా అరిగే భాగాల్లో గొట్టం ఒకటి. మందు అంటుకున్న క్షణంలో పుట్టే వేడి, ఒత్తిడి, గుండు రాపిడి, పేలుడు తరువాత లోపల మిగిలిన మసి చెమ్మను పీల్చుకొని పట్టించే తుప్పు, ఇవన్నీ దాని మీదే పడతాయి. పిడి విరిగితే వడ్రంగి మరో కర్ర చెక్కి బిగిస్తాడు. కమాను సడలితే కమ్మరి మరొకటి సాగగొడతాడు. గొట్టం పాడైతే మాత్రం తుపాకే పోయినట్లు లెక్క. అందుకే అరిగిన భాగాన్ని విడదీసి మార్చుకొనే వీలు కోసం ఆయుధ శిల్పులు శతాబ్దాల పాటు తపించారు. అయితే విడదీయాలంటే అతుకు ఉండాలి, అతుకు ఉన్నచోట పేలుడు వాయువు బయటికి తన్నుకొస్తుంది, అలా తన్నుకొచ్చిన చోటే లోహం మళ్ళీ అరుగుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమ వాడిన ఫిరంగుల నుంచి ఇరవయ్యో శతాబ్దపు అమెరికా రివాల్వర్ దాకా ఈ చిక్కుముడి ఒక్కటే.

గద్వాల, ఆలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు నదుల మధ్య సాగే రాయచూరు అంతర్వేదికి ఇది తూర్పు కొస. ఆ అంతర్వేది కోసం 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తానుతో జరిపిన యుద్ధంలో నాలుగు వందల పెద్ద ఫిరంగులు, ఇంకా ఎన్నో చిన్నవి రాయల చేత చిక్కాయని పోర్చుగీసు వాడైన నూనిజ్ రాశాడు. తెలుగులో ప్రతి పెద్ద శతఘ్నికీ పేరైపోయిన ‘ఫిరంగి’ అన్న మాట ‘ఫరంగీ’ అంటే ఐరోపా వాడు అన్న అర్థం నుంచి వచ్చింది. మొదట్లో ఆ పేరు చెల్లిన తేలికపాటి ఫిరంగుల్లో ఒక రకానికి వెనుక భాగంలో విడిగా తీసి పెట్టే మందుగిన్నె ఉండేది. రెండు మూడు గిన్నెలు ముందే నింపి ఉంచుకుంటే ఒకటి పేలగానే మరొకటి పెట్టి వెంటనే కాల్చవచ్చు, పగిలిన గిన్నెను పారేసి కొత్తది పెట్టుకోవచ్చు. మార్చుకోదగిన భాగం అన్న ఆలోచన ఈ నేలకు అంత పాతది. కాని గిన్నెకూ గొట్టానికీ మధ్య సందు పూర్తిగా మూసుకునేది కాదు. బలంలో కొంత ఆ సందులోంచే పోయేది.

ఒకే పోతగా పోసిన పెద్ద ఫిరంగులకు ఆ అతుకు లేదు, దాంతోపాటు మార్చే వీలూ లేదు. వాటిలో మొదట దెబ్బతినేది రంజకపు బెజ్జం. రంజకం అంటే లోపలి మందుకు నిప్పు అందించడానికి బెజ్జంలో పోసే మెత్తని మందు. ప్రతి పేలుడుకూ ఆ బెజ్జంలోంచి వేడి వాయువు ఎగదన్ని కంచును కొంచెం కొంచెంగా తినేస్తుంది. బెజ్జం మరీ వెడల్పైతే దాన్ని పెద్దది చేసి అందులో కొత్త లోహపు బిరడా బిగించి మళ్ళీ సన్నని రంధ్రం తొలిచేవారు. గొట్టమే పాడైతే మిగిలిన దారి ఒక్కటే: కరిగించి మళ్ళీ పోయడం. పోత కొలిమి ఉన్న రాజుకే ఫిరంగి నిలుస్తుందన్న సంగతి తుంగభద్రకు ఆవలి ఒడ్డున, 1839లో స్పష్టంగా కనిపించింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోట లోపల రహస్యంగా ఆయుధాలు తయారు చేయించి దాచాడని తేల్చిన కంపెనీ ప్రభుత్వం అక్కడ వందల ఫిరంగులను బయటికి తీసి, నవాబును పదవి నుంచి దించి తిరుచిరాపల్లికి పంపింది. కర్నూలు పేరు కందెనవోలు నుంచి వచ్చిందని, ఆలంపురం గుడులకు రాళ్లు మోసిన బండ్ల ఇరుసులకు అక్కడ కందెన పెట్టేవారని ఆ ప్రాంతపు వాళ్లు చెప్పుకుంటారు. అరుగుదలను అంత దగ్గరగా ఎరిగిన ఊరి పేరు మరొకటి అరుదు.

సంస్థానాల కాలానికి వస్తే, ఊళ్లలోనూ నాగర్‌కర్నూలు వైపు నల్లమల అడవిలోనూ చెల్లింది మూతిలోంచి మందూ గుండూ దట్టించే భర్మార్. ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి కడ్డీ చుట్టూ చుట్టి, సమ్మెటతో అతికి చేసే గొట్టం అందులో వాడిన నాటు రకాల్లో ఒకటి. అలాంటి గొట్టం లోపల అరిగితే మళ్ళీ తొలిచి కాస్త పెద్ద గుండు వాడటం తప్ప మార్గం లేదు. ప్రతి తొలుపుకూ గోడ పలచబడేది. చివరికి అది కాల్చేవాడి చేతిలోనే పగిలేది.

గొట్టాన్ని ఒక్క దెబ్బతో విడదీసే చేతి తుపాకి అమెరికాలో పుట్టింది. శామ్యూల్ కోల్ట్ 1836లో పేటెంటు పొందిన రివాల్వర్‌లో, గుళ్లు నింపే గదులున్న సిలిండర్ ఒక్కో కాల్పుకు ఒక్కో గది చొప్పున తిరిగి గొట్టానికి ఎదురుగా నిలుస్తుంది. 1851 నాటి ఆయన నేవీ రివాల్వర్‌లో గొట్టాన్ని చట్రానికి పట్టి ఉంచేది అడ్డంగా దిగగొట్టిన చిన్న ఉక్కు సీల మాత్రమే. బండి చక్రం ఊడకుండా ఇరుసుకు కొట్టే సీలకూ దీనికీ పనిలో తేడా లేదు. సీల తడితే గొట్టం చేతిలోకి వస్తుంది, లోపల కడిగి మళ్ళీ కొడితే బిగుసుకుంటుంది. అలాంటి చేతి తుపాకులు 1857 నాటికి దక్కనులో ఆంగ్లేయ అధికారుల నడుములకు వేలాడుతున్నాయి. కృష్ణకు ఎగువన ఉన్న సురపురం రాజు వెంకటప్ప నాయకుడు 1858లో బందీగా వెళుతూ, కాపలా అధికారి రివాల్వర్ పేలి మరణించాడని, ఆయనను చిన్ననాటి నుంచీ ఎరిగిన మెడోస్ టేలర్ రాశాడు.

తరువాతి తరం రివాల్వర్లలో చట్రం పైనుంచి కూడా చుట్టి వచ్చింది, గొట్టం మరలతో దాంట్లోకి బలంగా బిగుసుకుంది. బలం పెరిగింది కాని, సిలిండర్ తిరగడానికి దానికీ గొట్టానికీ మధ్య వెంట్రుకంత సందు మాత్రం ఉండక తప్పలేదు. గుండు ఆ సందు దాటి గొట్టంలోకి దిగేచోట లోపలి అంచును గరాటులా వాలుగా తొలుస్తారు. దాన్ని ఫోర్సింగ్ కోన్ అంటారు. అతి వేడి వాయువు, కాలని మందు రేణువులు, గుండు తొలి తాకిడి మూడూ కలిసి దెబ్బతీసేది అక్కడే. కొత్తగా ఉన్నప్పుడు నున్నగా మెరిసిన ఆ వాలు కొన్ని వేల తూటాల తరువాత ఎండిన చెరువు నేలలా సన్నని నెర్రెలు విచ్చుతుంది. ఆ గొట్టాన్ని మార్చాలంటే చట్రం వంగకుండా పట్టే పట్టుడు పరికరాలు, లేత్ యంత్రం, వాటిని ఎరిగిన నిపుణుడు కావాలి.

ఈ ఇబ్బందిని తీర్చిన ఘనత డాన్ వెసన్ సంస్థది. స్మిత్ అండ్ వెసన్ స్థాపకుల్లో ఒకడైన వెసన్ మునిమనవడు 1968లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో దాన్ని నెలకొల్పాడు. కార్ల్ లూయిస్ రూపొందించిన పద్ధతిని అక్కడ అమలు చేశారు. గొట్టం వట్టి సన్నని ఉక్కు నాళం. దాన్ని చేత్తో చట్రంలోకి తిప్పుతారు. సిలిండర్‌కూ దానికీ నడుమ ఫీలర్ గేజ్ అనే పలచని ఉక్కు రేకును పెట్టి, రేకు పట్టీ పట్టనట్లు ఆనేదాకా తిప్పి ఆపుతారు. ఆ రేకు మందం అంగుళంలో వెయ్యింట ఆరు వంతులు, అంటే 0.15 మిల్లీమీటర్లు. ఆ తరువాత పైన తొడుగు ఎక్కించి మూతి దగ్గర నట్టు బిగిస్తారు. రెండు కొసలా లాగి పట్టిన తీగలా గొట్టం నిటారుగా నిలవడం వల్ల గురి కూడా బాగుంటుంది. రెండున్నర నుంచి ఎనిమిది అంగుళాల దాకా నాలుగు గొట్టాలను ఒకే పెట్టెలో పెట్టి అమ్మారు. సందు వెడల్పును వాడేవాడే దిద్దుకోగలగడం దీని అసలు గొప్ప. కోల్ట్ సీలలో ఉన్న సులువూ తరువాతి చట్రంలోని బలమూ ఇందులో ఒకటయ్యాయి.

ఆ గొప్ప 1983లో తేలింది. ఆ ఏడు వచ్చిన .357 మాగ్జిమమ్ తూటాలో పొడవాటి గదినిండా మందు పట్టేది. దానికోసం చేసిన రూగర్ రివాల్వర్‌లో ఫోర్సింగ్ కోన్ వేగంగా అరిగింది, సందులోంచి పైకి ఎగసిన వాయువు చట్రపు పై పట్టీలో గీత కోసింది. ఆ గీత కొంత లోతు దాకా వెళ్లి ఆగిపోతుందని కొందరు నిపుణులు చెప్పినా, రూగర్ తయారీ మానుకొంది. డాన్ వెసన్ మాత్రం ఆ తూటాకు రివాల్వర్లు చేస్తూనే వచ్చింది. దాని దగ్గర అరిగిన నాళాన్ని విప్పి కొత్తది తిప్పుకుంటే సరిపోయేది.

భారతదేశంలో ఆ పని ఇంత సులువు కాదు. 1959 నాటి ఆయుధ చట్టం ఆయుధ భాగాలను కూడా ఆయుధం అన్న నిర్వచనంలోనే చేర్చింది కాబట్టి, లైసెన్సు లేనివాడి పెట్టెలో విడి గొట్టం ఉన్నా నేరమే. అందువల్ల ఇక్కడ గొట్టం మార్పు చరిత్రను పాత తుపాకుల మీదే చదవాలి. కోల్ట్ కర్మాగారం గొట్టం మీద, చట్రం మీద, సిలిండర్ మీద ఒకే వరుస సంఖ్య కొట్టేది. అంకెలు కలవకపోతే సేకరణదారులు ధర తగ్గిస్తారు. చరిత్రకారుడికి ఆ కలవని అంకెలే విలువైనవి: ఆ తుపాకి గోడకు వేలాడలేదని, గొట్టం మార్చాల్సినంతగా వాడుకలో ఉందని చెప్పేవి అవే. నేవీ రివాల్వర్లలో ఆ సంఖ్యను వెతకవలసిన చోటు మరొకటి కూడా ఉంది. అది వేలి గోరంత వెడల్పున్న సీల.