నిజాంగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, డి.ఏ. బకాయిల మీద రాయడానికి నాకంటే సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక, నేను ఒక మోటారు కారు గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. దాన్నే అనుమతిగా భావించి రాస్తున్నాను.

నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతాల్లో పెరిగిన నా తోటివారికి కింగ్ కోఠీ కొత్త కాదు. నారాయణగూడ చౌరస్తా నుంచి నడిచి పోయేంత దూరం. కమాల్ ఖాన్ కట్టించుకున్న ఆ భవంతి తలుపుల మీద, కిటికీల మీద ఆయన పేరుకు గుర్తుగా కె.కె. అన్న అక్షరాలు ఉండేవట. ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని కొన్నాక అక్షరాలు చెరిపించే ఖర్చు లేకుండా కింగ్ కోఠీ అని పేరు పెట్టేశారని చెప్పుకుంటారు. 1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూసింది అక్కడే. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. దగ్గరలోని జూదీ మసీదులో తల్లిగారి సమాధి చెంతనే ఆయనను ఖననం చేసిన నాటి జనసముద్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఆ రోజుల్లోనే ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఒక పెద్దాయన చెప్పగా విన్నాను. నిజాం సాదా దుస్తుల్లో రోల్స్ రాయిస్ దుకాణానికి వెళితే వాళ్లు చులకన చేశారట. ఆయన కోపంతో అరడజను కార్లు కొని ఊళ్లో చెత్త ఎత్తడానికి పెట్టారట. విన్నప్పటి నుంచి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పోయిన ఏడు అశోక్‌నగర్‌లో మా మేడ మీద అద్దెకుంటూ గ్రూప్-1కు చదువుకుంటున్న కుర్రవాడికి కూడా చెప్పాను. అతను మర్యాదగానే, "సార్, దీనికి ఆధారం ఏంది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కొన్నాళ్లు కూర్చున్నాను. తేలిందేమిటంటే, ఇదే కథను అల్వార్ మహారాజు మీద చెబుతారు, భరత్‌పూర్ మీద చెబుతారు, పాటియాలా మీదా చెబుతారు. ఒకే పెళ్లికి నలుగురు వరులు ఉన్నట్టు. నేను మాత్రం ఇక ఆ కథ చెప్పడం మానుకున్నాను.

అసలు కారు కథ ఇంతకంటే బాగుంది. దాన్ని ఆర్డరు చేసింది ఉస్మాన్ అలీ ఖాన్ కాదు, ఆయన తండ్రి మహబూబ్ అలీ పాషా. రోల్స్ రాయిస్ వారు ఆ కాలంలో ఇంజనూ, ఛాసిస్సూ మాత్రమే తయారుచేసి ఇచ్చేవారు. పైభాగం వేరే సంస్థ కట్టేది. ఈ కారుకు లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టింది. అసఫ్‌జాహీల పసుపు రంగు, గుమ్మటం వంటి పైకప్పు, వెనుక సింహాసనంలా ఎత్తుగా ఒక్క ఆసనం. పల్లకీకి చక్రాలు తగిలించినట్టుంటుంది. అయితే 1911 ఆగస్టు 29న పాషా కాలం చేశారు. కారు వచ్చేనాటికి గద్దె మీద కొడుకున్నాడు.

ఇంజను సంగతి కొంచెం చెప్పాలి. సిల్వర్ ఘోస్ట్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన 40/50 హార్స్ పవర్ రకం అది. ఆరు సిలిండర్లు. 1910 నుంచి దాని పరిమాణం 7,428 సీసీ. మనందరం ఎక్కి తిరిగిన అంబాసిడర్‌ది 1,489. అంటే దాదాపు అయిదింతలు! అంత పెద్ద ఇంజను చప్పుడు చేయకపోవడమే దాని గొప్ప. ఆ రకం మొదటి కార్లలో వెండి రంగు వేసిన ఒకదాన్ని 1907లో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో 15,000 మైళ్లు పరీక్షగా నడిపారు. అందులో 14,371 మైళ్లు ఇంజను మొరాయించి ఆగింది లేదు. ఆ తర్వాత విప్పి చూసి, అరిగిన భాగాలు మార్చడానికి రెండు పౌండ్ల చిల్లర అయిందట. వర్క్‌షాపుల్లో చేసిన మిత్రులకు ఈ మాట విలువ తెలుస్తుంది.

అలాంటి ఇంజనున్న నిజాంగారి కారు తిరిగిందెంత? మీటరు మీద 356 మైళ్లు. ఇప్పటి లెక్కలో సుమారు 573 కిలోమీటర్లు. విజయవాడ వెళ్లివచ్చిన దానికంటే కాస్త ఎక్కువ, అంతే. ఉత్సవాల రోజుల్లో తప్ప బయటికి తీయలేదు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలో అత్యంత ధనవంతుడని ముఖచిత్రం వేసిన మనిషి మామూలు రోజుల్లో పాత డొక్కు కారులో తిరిగేవాడని మా పెద్దలు చెప్పేవారు.

మనవడు ముకర్రం జాకు ఆస్తితోపాటు గ్యారేజీ కూడా సంక్రమించింది. కింగ్ కోఠీలో 60 దాకా కార్లుంటే నడిచేవి నాలుగేనని ఆయన జీవితచరిత్ర రాసిన రచయిత అంటారు. ఆయనకేమో యంత్రాలంటే ప్రాణం. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. ప్రిన్సెస్ ఎస్రా పూనుకొని చౌమహల్లా ప్యాలెస్‌ను బాగుచేయించాక పసుపు కారు కూడా బాగుపడి అక్కడ ప్రదర్శనకు చేరింది. 2010లో ఆ ప్యాలెస్‌కు యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది.

కారు అలా షెడ్డులో ఉన్న కాలంలోనే, 1932 జూన్‌లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించారు. మన ఆర్టీసీకి మూలం అదే. ఆల్బియన్ బస్సులు, అవీ బ్రిటన్‌వే. వాటి మీటర్లలో ఎన్ని లక్షల మైళ్లు తిరిగాయో కదా అనిపించింది, చౌమహల్లాలో ఆ కుర్రవాడితో కలిసి కారు ముందు నిలబడినప్పుడు. అతను మాత్రం వంగి టైర్లనే చూస్తున్నాడు.

తిరుగు ప్రయాణం సిటీ బస్సులో. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనబడే 'జడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని చెబుతారు బాబూ అన్నాను. చిక్కడపల్లి స్టాపులో దిగుతూ అతను నా వైపు చూశాడు.

"సార్, దీనికి ఆధారం...?"