పేటిక మారినా పాఠం మారని ప్రతి: వీడియో కంటైనర్ల చరిత్ర (1985–2024)

కీలకపదాలు: కంటైనర్, కోడెక్, రీమక్సింగ్, ట్రాన్స్‌కోడింగ్, ఉపశీర్షికలు, క్షేత్ర సేకరణ.

ప్రవేశిక

తాళపత్రం నుంచి తాళపత్రానికి, తాళపత్రం నుంచి కాగితానికి ఎత్తి రాసిన ప్రతిసారీ పాఠంలో లేఖకుని చేతి తప్పులు కొన్ని కొత్తగా చేరతాయి. సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించుకోవడానికి కారణం ఇదే. వీహెచ్‌ఎస్ టేపుల కాలంలో దృశ్య ప్రతులదీ దాదాపు ఇదే స్థితి. ప్రతికి ప్రతి తీసిన కొద్దీ రంగులు వెలిసి, అంచులు చెదిరి, ధ్వనిలో రొద పెరిగేది. డిజిటల్ ఫైలు ఈ క్రమాన్ని తెంచింది. సరిగా కాపీ అయిన ఫైలు మూలంతో బిట్టుకు బిట్టు సమానం. అయినప్పటికీ డిజిటల్ సేకరణల్లోనూ ప్రతులు క్షీణిస్తూనే ఉన్నాయి. ‘ఫార్మాట్ మార్చడం’ అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు పనులు కలిసిపోవడం దీనికి ప్రధాన కారణం.

వీడియో ఫైలులో రెండు పొరలుంటాయి. దృశ్యాన్ని, ధ్వనిని కుదించే పద్ధతి కోడెక్. కుదించిన ధారలను, వాటి కాలసూచికలను, ఉపశీర్షికలను ఒకచోట కట్టిపెట్టే పేటిక కంటైనర్. ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ పేటికల పేర్లు, ఎంపెగ్-2, హెచ్.264 కోడెక్‌ల పేర్లు. ధారలను ముట్టుకోకుండా పేటికను మాత్రమే మార్చడాన్ని రీమక్సింగ్ అంటారు. ధారలను విప్పి మళ్ళీ కుదించడం ట్రాన్స్‌కోడింగ్. మొదటిదానిలో చిత్రనాణ్యత తగ్గదు. రెండవదానిలో, నష్టంతో కుదించే కోడెక్‌ను వాడినప్పుడు, తగ్గుతుంది. (ఫైలు పేరు చివరి అక్షరాలను మార్చి రాస్తే ఈ రెండింటిలో ఏదీ జరగదు, పేటిక మీది చీటీ మాత్రమే మారుతుంది.) పేటిక, పాఠం విడివిడిగా ఉండాలనే ఆలోచన ఎలా రూపొందిందో, అది పరిశోధకుల క్షేత్ర సేకరణలకు ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముక్కల పద్ధతి

ఈ ఆలోచనకు స్పష్టమైన తొలిరూపం 1985 జనవరిలో కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు చెందిన జెర్రీ మోరిసన్ ‘ఐఎఫ్ఎఫ్’ అనే ఫైలు పద్ధతిని ప్రతిపాదించాడు. కమొడోర్ అమీగా కంప్యూటర్లలో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. దీని ప్రకారం ఫైలు అనేక ముక్కల సముదాయం. ప్రతి ముక్కకు ముందు నాలుగక్షరాల పేరు, తర్వాత పరిమాణం, ఆపైన విషయం ఉంటాయి. పరిమాణం ముందే తెలుస్తుంది కాబట్టి, చదివే ప్రోగ్రాము తనకు తెలియని ముక్కను దాటి ముందుకు పోగలదు. లోపల ఏముందో అర్థం కాకపోయినా దాన్ని చెడగొట్టకుండా ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చగల వీలు ఇక్కడే ఏర్పడింది. మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు 1991లో ఇదే నిర్మాణాన్ని కొద్ది మార్పుతో ‘రిఫ్’ పేరిట స్వీకరించాయి. 1992 నవంబరులో విండోస్‌కు వచ్చిన ఏవీఐ, రిఫ్ సంతానమే.

ఏవీఐ, క్విక్‌టైమ్

ఏవీఐలో దృశ్య, ధ్వని ఖండాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. ఏ చిత్రం ఏ క్షణంలో కనిపించాలో విడిగా రాసుకునే చోటు అందులో లేదు. వరుస సంఖ్యను, స్థిరమైన వేగాన్ని బట్టి లెక్కగట్టవలసిందే. ముందు వెనుకల చిత్రాల ఆధారంగా మధ్య చిత్రాన్ని కట్టే కోడెక్‌లు వచ్చాక ఫైలులో ఉన్న వరుస, తెర మీది వరుస వేరయ్యాయి. ఏవీఐలో ఆ భేదాన్ని చెప్పడానికి అతుకులు వేయవలసి వచ్చింది. తొలి ఏవీఐ ఫైళ్ళకు పరిమాణం విషయంలోనూ 2 జీబీ దగ్గర ఇబ్బంది ఉండేది. 1996లో వచ్చిన ఓపెన్‌డీఎంఎల్ విస్తరణ దాన్ని తొలగించింది.

1991 డిసెంబరులో ఆపిల్ విడుదల చేసిన క్విక్‌టైమ్ మరో దారి పట్టింది. కుదించిన విషయమంతా ఒకచోట, ప్రతి ఖండం ఎక్కడుంది, ఎంత పొడవు, ఎంతసేపు కనిపించాలి అనే పట్టికలు మరొకచోట. గ్రంథం ఒకటి, దాని సూచిక మరొకటి అన్నట్టు. సూచికను తిరగరాస్తే చాలు, గ్రంథాన్ని తాకనక్కర లేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో ఎంపెగ్-4 ఫైలు నిర్మాణానికి క్విక్‌టైమ్‌నే ఆధారంగా ఎంచుకుంది. 2001లో తొలిరూపం, 2003లో సవరించిన రూపం వెలువడిన ఎంపీ4 ఆ ఎంపిక ఫలితం. నేడు సెల్‌ఫోన్లలో తీసే వీడియోల్లో చాలా భాగం ఈ వంశానివే.

2002 డిసెంబరులో ప్రకటితమైన మట్రోస్కా (ఎంకేవీ) పేరు, ఒకదానిలో ఒకటి ఇమిడే రష్యన్ కొయ్యబొమ్మల నుంచి వచ్చింది. ఏ కోడెక్‌నైనా, ఎన్ని ధారలనైనా ఇముడ్చుకోవడం దీని లక్ష్యం. గూగుల్ 2010లో ప్రకటించిన వెబ్ఎం దీని ఉపరూపం. ఇదే కోవకు చెందిన మరో కంటైనర్ ‘ఆగ్’. తెలుగు చెవికి ఒగ్గుకథ గుర్తుకు రావచ్చు కానీ రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

విప్పి కట్టడం

ఫాబ్రీస్ బెల్లార్ 2000లో ప్రారంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ద్వారా ఈ పని అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులో కోడెక్ పేరు రాయవలసిన చోట ‘కాపీ’ అని రాస్తే, ధారలను విప్పకుండా కొత్త పేటికలోకి మారుస్తుంది. గంట నిడివి గల వీడియోకు కూడా డిస్కు వేగాన్ని బట్టి కొద్ది నిమిషాలు సరిపోతాయి. పని మరీ ఎక్కువసేపు సాగుతూ, ప్రాసెసర్ వేడెక్కుతూ ఉంటే జరుగుతున్నది రీమక్సింగ్ కాదని అనుమానించాలి.

అయితే ‘ఒక్క బిట్టూ మారదు’ అనడం అతిశయోక్తి. ప్రసారాలకు వాడే ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ 188 బైట్ల పొట్లాలుగా ఉంటుంది. అందులో హెచ్.264 ఖండాల మొదట ఆరంభ చిహ్నాలుంటాయి. ఎంపీ4లో ఆ చిహ్నాలకు బదులు ఖండం పొడవును రాస్తారు. ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడు ఈ గుర్తులు మారతాయి, కుదించిన చిత్రం మారదు. దీన్ని నమ్మకం మీద వదలనవసరం లేదు. రెండు ఫైళ్ళలోనూ ప్రతి చిత్రాన్ని విప్పి, దానికొక ఎండీ5 సంఖ్యను లెక్కించి, రెండు జాబితాలను పోల్చే సౌకర్యం ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనే ఉంది. పాఠపరిష్కర్తలకు ఈ పని కొత్తది కాదు.

చిత్రం చెడకుండానే ఇతర సమాచారం పోయే ప్రమాదం ఉంది. మట్రోస్కాలో ఉపశీర్షికలతో పాటు వాటి ఫాంటును కూడా ఫైలులోనే జతచేయవచ్చు. తెలుగు ఉపశీర్షికలకు ఇది అలంకారం కాదు, అవసరం. తగిన ఫాంటు లేని చోట అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు కనిపిస్తాయి. ఎంపీ4లోకి మార్చినప్పుడు సాధారణంగా ఆ ఫాంటు జారిపోతుంది, ఉపశీర్షికల రంగులు, స్థానాలు చెదురుతాయి. నాణ్యత అంటే చిత్రనాణ్యత మాత్రమే అనుకునేవారు ఈ నష్టాన్ని గుర్తించరు.

క్షేత్ర సేకరణల ప్రశ్న

1995లో ప్రవేశించిన డీవీ టేపు జానపద కళారూపాలను చిత్రీకరించేవారికి చాలాకాలం అందుబాటులో ఉన్న సాధనం. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో డీవీ చిత్రం ఒక్కొక్కటి 1,44,000 బైట్లు. సెకనుకు 25 చిత్రాల లెక్కన గంట టేపు సుమారు 13 జీబీ అవుతుంది. తొలి ఏవీఐ 2 జీబీ హద్దులో పది నిమిషాల ప్రదర్శన కూడా పట్టేది కాదు. స్థలం చాలక చాలామంది దాన్ని డీవీడీకి, అంటే ఎంపెగ్-2కు కుదించి టేపును పక్కన పెట్టారు. ఆ డీవీడీలను ఇప్పుడు ‘ఎంపీ4గా మార్చమని’ దుకాణంలో ఇస్తే మూడోసారి కుదింపు జరుగుతుంది. అదే ఎంపెగ్-2 ధారను మట్రోస్కాలోకి యథాతథంగా చేర్చవచ్చు. టేపే మిగిలి ఉంటే అంతకంటే మేలు. డీవీ ధారను ఏవీఐ, క్విక్‌టైమ్‌లలో దేనిలోనైనా నష్టం లేకుండా ఉంచవచ్చు.

ఇక్కడ పోయేది స్పష్టత ఒక్కటే కాదు. పాల్ డీవీ సెకనుకు 50 అర్ధచిత్రాలను బంధిస్తుంది. మార్పిడి ప్రోగ్రాములు చాలావరకు వాటిని జతచేసి 25 పూర్తి చిత్రాలుగా మారుస్తాయి. అంటే కదలికకు సంబంధించిన కాలసూచనల్లో సగం మాయమవుతాయి. కథ వినదలచిన ప్రేక్షకుడికి అది పట్టింపు కాదు. డప్పు మీద రెండు పుల్లల దెబ్బల వరుసను, తోలుబొమ్మ మోచేతి మలుపును పరిశీలించవలసిన పరిశోధకుడికి మాత్రం ఆ సగమే ఆధారం.

దీర్ఘకాల భద్రత కోసం నష్టం లేకుండా కుదించే ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్‌కు 2021లోను, మట్రోస్కాకు 2024లోను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ నిర్దేశ పత్రాలు వెలువరించింది. ఎవరైనా చదివి, అవసరమైతే కొత్త ప్రోగ్రాము రాసుకోగల బహిరంగ పత్రాలివి. టేపులు చదివే యంత్రాలకు అటువంటి వీలు లేదు. పాతవి పాడవుతున్నాయి, కొత్తవి తయారు కావడం లేదు. కనుక విశ్వవిద్యాలయ శాఖల బీరువాల్లో మిగిలిన డీవీ టేపుల విషయంలో పేటిక ఎంపికను తర్వాత చూసుకోవచ్చు. ముందు జరగవలసింది, ధారను ఉన్నదున్నట్టుగా టేపు మీది నుంచి డిస్కు మీదికి దింపడం.