నడక నేర్చుకున్న పెద్దవాళ్ళు

వంటింట్లో పని చేసుకుంటూనే, వరండాలో అడుగుల చప్పుడు విని వచ్చింది మామగారో మరిదో చెప్పేస్తాం. మనిషికో నడక. ఆ నడక మారిందంటే ఒంట్లో ఎక్కడో ఏదో మారిందన్న మాటే. ఈ సంగతి డాక్టర్లు పట్టుకున్న తీరు భలే తమాషాగా ఉంటుంది.

1817లో జేమ్స్ పార్కిన్‌సన్ అనే లండన్ డాక్టరు వణుకురోగం మీద చిన్న పుస్తకం రాశాడు. అందులో చెప్పింది ఆరుగురు రోగుల గురించే. వాళ్ళలో కొందరు ఆయన దగ్గరికి వైద్యానికి వచ్చినవాళ్ళు కారు, వీధిలో కనిపించినవాళ్ళు! ముందుకి వంగి, చిన్న చిన్న అడుగులు గబగబా వేస్తూ, తమని తాము ఆపుకోలేక పరుగులోకి దిగిపోయే మనుషుల్ని ఆయన కళ్ళప్పగించి చూశాడు. మనమలా చూస్తే "ఏవిటండీ ఆ చూపు?" అంటారు. ఆ రోగానికి తర్వాత ఆయన పేరే పెట్టారు.

1886లో పారిస్‌లో జిల్ దె లా తురెత్ అనే డాక్టరు ఇంకో అడుగు ముందుకేశాడు. రోగుల అరికాళ్ళకి ఎర్రటి పొడి రాసి, పొడుగాటి కాగితం మీద నడిపించాడు. మన పెళ్ళికూతురి పారాణి పాదాల్లా కాగితం నిండా ఎర్రని ముద్రలు! అడుగుకీ అడుగుకీ ఎంత దూరం, పాదం ఎటు తిరిగింది, అన్నీ కొలిచాడు.

కొలిచారు సరే, బాగుచేసిందెవరు? అదీ అసలు కథ.

స్విట్జర్లాండులో హైడెన్ అనే చిన్న ఊళ్ళో హైన్రిక్ ఫ్రెంకెల్ అనే డాక్టరుండేవాడు. ఆ రోజుల్లో సిఫిలిస్ ముదిరి వెన్నుపాము చెడిపోయినవాళ్ళు చాలామంది. పెన్సిలిన్ ఇంకా రాలేదు కదా! వాళ్ళ కాళ్ళలో బలం ఉండేది గాని, కాలు ఎక్కడుందో మనసుకి తెలిసేది కాదు. కిందికి చూసుకుంటూ నడవాల్సిందే. మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకుంటే తూలి పడిపోయేవారు.

1887లో ఫ్రెంకెల్ అలాంటి రోగి ఒకణ్ణి వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. చెయ్యి ఎటో పోయింది. కొన్ని నెలల తర్వాత అతనే మళ్ళీ వచ్చి చక్కగా ముట్టుకున్నాడు. రోగం తగ్గలేదు. మరెలా? ఈసారి పరీక్ష ప్యాసవ్వాలని ఇంటి దగ్గర సాధన చేశాడట! ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు కాబోలు. ఫ్రెంకెల్ మాత్రం అందులోంచి ఒక వైద్యమే తీశాడు. మంచం మీద పడుకుని మడమని నెమ్మదిగా జరపడం, నేల మీద గీసిన గుర్తుల్లో అంకెలు లెక్కపెడుతూ పాదం పెట్టడం, అన్నిటినీ కళ్ళతో చూసుకుంటూ చెయ్యడం. కాలు చెప్పని కబురు కన్ను చెబుతుందన్న మాట. సంగీతం పాఠంలో సరళీ స్వరాల్లాగా విసుగు పుట్టేటన్ని సార్లు చేయించేవాడు. ఫిజియోథెరపీ చదివేవాళ్ళు ఇప్పటికీ ఆయన పేరుతోనే ఆ వ్యాయామాలు నేర్చుకుంటున్నారు.

పార్కిన్‌సన్ నడకకి కూడా కన్నే సాయం చేసింది. పర్డన్ మార్టిన్ అనే డాక్టరు లండన్‌లో, మెదడువాపు తర్వాత అలాంటి నడకే వచ్చిన రోగుల్ని ఏళ్ళ తరబడి గమనించి 1967లో పుస్తకం వేశాడు. అడుగు కదలక నిలబడిపోయిన మనిషి, నేల మీద అడ్డంగా గీతలు గీస్తే వాటిని దాటుకుంటూ నడిచేస్తాడు! గీతలు పొడుగునా గీస్తే లాభం లేదు, దారికి అడ్డంగానే ఉండాలి. మామూలుగా మనం ఆలోచించకుండానే నడిచిపోతాం. మెదడులో ఆ ఏర్పాటు దెబ్బతింటే, "ఇదిగో, ఈ గీత దాటు" అన్న పని ఇంకో దారిన కాలుని లేపుతుందన్న మాట.

ఇది తెలియకే కదా, "మెట్లు ఎక్కుతారు గాని గుమ్మం దాటరట, అంతా నాటకం" అని పెద్దవాళ్ళని దెప్పుతాం! మెట్టుకి అంచు కనిపిస్తుంది. చదునైన నేలకి ఏ అంచూ లేదు. గుమ్మం దగ్గరేమో చోటు ఇరుకయ్యేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. పాపం, అది మొండితనం కాదు.

నడక పరీక్షకి ఈనాడు బోలెడు యంత్రాలున్నాయి. అయినా 1991లో ఇద్దరు పరిశోధకులు వివరించిన పరీక్ష ఒకటి అంతటా వాడుకలో ఉంది. దానికి ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటారు. తిరిగేటప్పుడు తడబడ్డారా అన్నది కూడా చూస్తారు. అవసరమైతే ఇంట్లో నేల మీద రంగు టేపు ముక్కలు అడ్డంగా అంటించమంటారు. ఎంతెంత దూరంలో అన్నది ఆ మనిషి అడుగుని బట్టి ఫిజియోథెరపిస్టు కొలిచి చెబుతారు.