పుస్తకమే గురువుగా మనోవిజ్ఞానము

గురుముఖమున నేర్వని విద్య నిలువదని మన పెద్దలు తలచెడివారు. అయినను మహాభారతమున ఏకలవ్యుడు మట్టిప్రతిమను గురువుగా నిలుపుకొని విలువిద్య సాధించెను. బాణము విడిచిన మరుక్షణమే గురి తగిలినదో తప్పినదో కంటికి తెలియును. గురువు చూపవలసిన తప్పును గురియే చూపును. మరి ఒంటరిగా పుస్తకము చదువువానికి అట్టి గురి యెక్కడిది? పుటలు తిరిగినకొలది అంతయు తెలిసినట్లే తోచును. ఈ చిక్కునకు మనోవిజ్ఞానశాస్త్రము తన చరిత్రలోనే సమాధానము చూపినది. గ్రంథాలయ రజతోత్సవవేళ దానిని తలచుకొనుట ఉచితము.

జర్మనీ దేశమున గుస్టావ్ ఫెక్నర్ 1860లో ఇంద్రియానుభవములను కొలుచు పద్ధతులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. దాని ప్రతి యొకటి పాతపుస్తకముల అంగడిలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అను యువకునికి దొరికెనని ప్రతీతి. తత్త్వశాస్త్రము చదివిన అతనికి ఈ క్రొత్త విద్యలో గురువు లేడు, ప్రయోగశాలయు లేదు. తన మనస్సునే ప్రయోగశాలగా చేసికొనెను. అర్థములేని పదాంశములు సుమారు 2,300 కూర్చుకొని, వరుసలుగా వల్లించి, కొంత గడువిచ్చి మరల నేర్చుచు, రెండవమారు ఎంత కాలము కలిసివచ్చినదో లెక్క వ్రాసెను. ఆ ఫలితములు 1885లో వెలువడెను.

పద్దులు వ్రాయువారికి ఆ లెక్క ముచ్చట గొలుపును. గంట గడిచినపిమ్మట మరల నేర్చినచో నూటికి 44 పాళ్ల కాలము కలిసివచ్చెను. ఒక దినమునకు 34 పాళ్లు. 31 దినములకు 21 పాళ్లు. అనగా మరపు మొదట వడిగా వచ్చి, పిదప మందగించును. మరియొక విశేషము: ఒకేదినమున 68 మారులు వల్లించుటచే కలిగిన ఫలము, మూడు దినములకు పంచి 38 మారులు వల్లించిననే చేకూరెను.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అను ఇరువురు 2006లో మరియొక పరీక్ష ప్రకటించిరి. చదివినదే మరల చదివిన విద్యార్థులు అయిదు నిమిషముల పిమ్మట నూటికి 81 పాళ్లు చెప్పగలిగిరి. పుస్తకము మూసి జ్ఞాపకము చేసికొన్నవారు 75 పాళ్లే చెప్పిరి. వారము గడిచినంతనే లెక్క తారుమారయ్యెను: మొదటివారికి 42, రెండవవారికి 56. కావున మూసిన పుస్తకమే ఒంటరి చదువరికి గురి. ఒక ప్రకరణము చదివి, మూసి, సొంతమాటలలో వ్రాసి, తెరచి సరిచూడవలెను. తప్పినవానిని బాకీపద్దుగా ఉంచుకొని మరునాడు, మరుసటి వారము మరల అడుగుకొనవలెను.

మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయములో 1916లో మనోవిజ్ఞానమునకు ప్రత్యేకశాఖ యేర్పడెను. మన సీతమ్మధారకు సమీపముననే, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, కోనేరు రామకృష్ణారావుగారు 1967లో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పిరి. మరుసటియేడు 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ, ఉన్నతవిద్యకు తెలుగున పాఠ్యగ్రంథములు సమకూర్చు పనికి పూనుకొనెను. పరిషత్తు మెట్లెక్కలేని చదువరికి గ్రంథాలయమే ఆధారము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నారంభించిన అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి కృషిఫలము అది. రేవులోనో, ఉక్కు కర్మాగారములోనో పనిముగించి వచ్చినవాడు సాయంకాలము ఇచట కూర్చుండి ఈ శాస్త్రమున ప్రవేశము పొందవచ్చును.

అయితే ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మనోవ్యాధుల ప్రకరణము చదువువానికి ప్రతిలక్షణము తనయందో, ఇంటివారియందో కానవచ్చును. ప్రవేశగ్రంథము చదివినంతమాత్రమున వ్యాధికి పేరుపెట్టు అధికారము రాదు. అది వైద్యుని పని. నిద్రాహారములు మాని దుఃఖించువానిని, లేని మాటలు వినుచున్నానను వానిని చూచినపుడు గాలి సోకినదని తాయెత్తులతో కాలము గడపక, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసికొనిపోవుటయే చదివినవాని ధర్మము. ఆ కుటుంబమును వెలివేసినట్లు చూడకుండుటయు అంతే ముఖ్యము.

పతంజలి తన యోగసూత్రములలో స్మృతిని చిత్తవృత్తులైదింట ఒకటిగా లెక్కించెను. ఆ వృత్తిని కొలిచి చూచుటకు నేటి చదువరికి కావలసినవి మూడే: ఒక పుస్తకము, ఒక తెల్లకాగితము, పుస్తకము మూయుటకు ధైర్యము. మొదటిది మన బీరువాలలో కలదు. తక్కినవి చదువరులు తెచ్చుకొనవలయును.